ఆరో రకం ‘వద్దు’

నర్సమ్మకి ఏదో పాడు అలవాటు పట్టుకుందని వీధిలో మొదట అన్నది ఎదురింటావిడ. నేరుగా అనలేదు. పాలు పోసే మనిషితో అంది. ఆ మనిషి ఇస్త్రీ షాపతనితో అన్నాడు. అతను మడతపెట్టిన బట్టలతోపాటు ఆ మాటని కూడా మోసుకొచ్చి నర్సమ్మ తల్లికి అప్పజెప్పాడు.

“యూనివర్సిటీ మీటింగులో పెద్దవాళ్ళకి ఏదో కాయితం పంచారటమ్మా. పిల్లలు మత్తుకి అలవాటు పడితే కనిపించే గుర్తులంట, పది. మీ అమ్మాయికి ఏడు సరిపోయాయని ఎదురింటావిడ అంటోంది. నాకేం తెలీదు. చీరలు మూడు, షర్టులు ఎనిమిది, చూసుకోండి.”

ఆ సాయంత్రం నర్సమ్మ చెప్పులు విప్పకముందే తల్లి గుమ్మంలో ఆపింది.

“ఏదీ, కళ్ళు చూపించు.”

“ఏమైందమ్మా?”

“ఎర్రగా ఉన్నాయి. అదొకటి. పొద్దున తినకుండా పోయావు, రెండు. ఫోనొస్తే మేడ మెట్లెక్కుతావు, మూడు. నీలో నువ్వే నవ్వుకుంటావు, అది ఎన్నోదో మర్చిపోయా.”

“ఆరోది,” అంది నర్సమ్మ నీరసంగా.

తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ కాయితం రాసింది ఆమే.

ఆమె యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో నర్సు. మత్తు జోలికి పోకుండా తోటివాళ్ళని ఎలా ఆపాలో విద్యార్థులకి నేర్పే శిక్షణ మూడు నెలలుగా నడుస్తోంది. బ్యాచికి నలభైమంది, మూడు రోజులు. పొద్దున రోగులకి సూదులు, మధ్యాహ్నం వీళ్ళకి పాఠాలు. తొమ్మిదో బ్యాచి వచ్చేసరికి ‘మత్తు’ అన్న మాట వింటే చాలు, ఆమెకి నిద్ర ముంచుకొచ్చేది.

శిక్షణ నడిపేది సోషల్ వర్క్ లెక్చరరు. పిల్లలు పెట్టిన పేరు వద్దు మాస్టారు. ఎవరైనా సీసానో పొట్లమో చేతికిస్తే ఐదు రకాలుగా ‘వద్దు’ అనడం నేర్పేవాడు: నవ్వుతూ, మాట మార్చి, సాకు చెప్పి, గట్టిగా, అదీ కుదరకపోతే లేచి వెళ్ళిపోయి. రోజుకి రెండొందల సార్లు వద్దు వద్దు అని, సాయంత్రానికి క్యాంటీన్‌లో టీ ఇస్తే కూడా వద్దనేలా తయారయ్యాడు.

మొదటి రోజే ఇద్దరికీ పడలేదు. ఆమె తెర మీద పాడైపోయిన లివర్ బొమ్మ వేసి ఇరవై నిమిషాలు మాట్లాడింది. వేదిక దిగగానే అతను ఎదురొచ్చాడు.

“మేడమ్, రేపటినుంచి ఆ బొమ్మ తీసేద్దామా?”

“ఎందుకు? భయపడాలనే కదా వేసింది.”

“వెనక బెంచీలో ఒకడు అది చూసి ఆకలేస్తోందన్నాడు.”

“మీ ఐదు వద్దులూ విని వణికిపోయారు కాబోలు?”

“లేదండీ. నిద్రపోయారు.”

నవ్వకూడదనుకుంది. నవ్వు ఆమె మాట వినలేదు.

“అలిసిపోయారా?” అంటూ అతను కుర్చీ లాగి వేశాడు.

ఆ మాట ఆమెని ఇంట్లోగానీ బయటగానీ ఎవరూ అడిగి చాలా కాలమైంది. కూర్చుంది. ఆ రోజునుంచి ప్రతి బ్యాచిలోనూ, ఆమె పాఠం అయ్యే వేళకి తలుపు పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఎదురుచూసేది. అందులో ఇంకెవరైనా కూర్చోబోతే మాస్టారు లేపేవాడు.

గుర్తుల కాయితం దగ్గర మళ్ళీ తగువొచ్చింది.

“ఇది ఇలాగే పంచితే కొంపలు మునుగుతాయి మేడమ్. కళ్ళెర్రబడటం, తిండి తినకపోవడం, ఒంటరిగా తిరగడం... పరీక్షలప్పుడు ఏ పిల్లాడికైనా ఇవన్నీ ఉంటాయి. ప్రేమలో పడ్డా ఉంటాయి.”

“మీకెలా తెలుసు?”

“పరీక్షలు రాశాను కదండీ.”

ఆమె వినలేదు. మూడొందల కాపీలు అచ్చయ్యాయి. చేతులారా పెట్టిన నిప్పు, తిరిగి తిరిగి తన కొంగుకే అంటుకుంది.

ఏడో బ్యాచిలో మరో సంగతి జరిగింది. నాటకంలో మాస్టారు బలవంతపెట్టే స్నేహితుడి వేషం వేశాడు. పేపరు గ్లాసులో ఉత్త నీళ్ళు. ఐదు వద్దులూ కంఠతా పట్టిన ఒక పొడుగాటి కుర్రాడు ఎదురుగా నిలబడ్డాడు.

“నేను తాగమనట్లేదురా,” అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి. “ఊరికే పట్టుకో. నేనొక్కణ్ణే పట్టుకుంటే బాగోదు. నీకోసం కాదు, నాకోసం.”

కుర్రాడు గ్లాసు అందుకున్నాడు. హాలంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. తడి లేని చేతిని ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు.

నర్సమ్మ చూసింది. ఆ మాటలు శిక్షణ పుస్తకంలో లేవు. పుస్తకం మొత్తం ఆమె చదివింది.

ఇంట్లో తల్లి తన కళ్ళు పరీక్షించిన మర్నాడు కుండపోత. తడుస్తూ వచ్చిన మాస్టారు పాఠం మొత్తం దగ్గుతూనే చెప్పాడు. ‘వద్దు’కీ ‘వద్దు’కీ మధ్య నాలుగు దగ్గులు. ఆమె అతన్ని తన గదికి లాక్కుపోయి, సిరప్ మూతలో పోసి ఇచ్చింది.

అతను మూత అందుకోలేదు. సీసా తీసుకుని వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు చదివాడు. బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“వద్దు.”

నవ్వలేదు. మాట మార్చలేదు. సాకు చెప్పలేదు. గొంతు పెంచలేదు. లేచి పోనూ లేదు. అతను నేర్పే ఐదింటిలో ఇది లేదు.

ఆమె మూతలోది సింకులో పారబోసి, కడిగి, అప్పుడడిగింది.

“ఎన్నాళ్ళయింది?”

“నాలుగేళ్ళ రెండు నెలలు.”

కిటికీ అద్దం మీద వాన తన గోల తాను పెడుతోంది.

“పిల్లలకి ఎందుకు చెప్పరు?”

“చెప్తే కొందరు హీరోని చేస్తారు, కొందరు ఉద్యోగం పీకిస్తారు. ఏది జరిగినా తట్టుకునే ఓపిక లేదు మేడమ్.”

ఆమె సొరుగులోంచి మాత్ర తీసింది. “ఇందులో ఆల్కహాల్ లేదు. వెనక అక్షరాలు నేనూ చదివాను.”

అతను మాత్ర చేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ అన్నాడు. “మీ కాయితంలో గుర్తులు నాకిప్పుడు ఎనిమిది ఉన్నాయి. ఈసారి తాగకుండానే.”

ఆమెకి చెవులు వేడెక్కాయి.

“నాకు ఏడేనట. మా వీధిలో లెక్క తేల్చారు.”

“ఎవరివల్లో కూడా తేల్చారా?”

“మాత్ర వేసుకో ముందు,” అంది. అప్పటిదాకా ఉన్న ‘మీరు’ ఆ వానలో కొట్టుకుపోయింది.

ఇంట్లో చెప్పక తప్పలేదు. మత్తుమందుకంటే మాస్టారే నయమని తల్లి ఊపిరి పీల్చుకుంది. ఆదివారం ఇంటికి రమ్మను అన్నాడు తండ్రి. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. చుక్క ముట్టలేదు. తోటి డ్రైవరు దారిలో తాగి బండిని కాలవలోకి దించిన రోజునుంచి, తాగినవాడి నీడ కూడా ఆయన గుమ్మం ఎక్కలేదు.

“పాత సంగతి ఎత్తకు,” అని శనివారం బతిమాలింది నర్సమ్మ. “అడిగినా చెప్పకు. ఒక్క అబద్ధం. మన పెళ్ళి ఆగిపోతుంది లేకపోతే.”

“ఒక్కటే కదా, ఏం కాదు అంటావా?”

ఆ మాటకి వద్దనడం ఎలాగో ఆ హాల్లో నేర్పేది వాళ్ళిద్దరే.

“నాకు ముందు అలవాటైంది సీసా కాదు,” అన్నాడు అతను, అలిసిన గొంతుతో. “అబద్ధం. సీసా దాని వెనకాల వచ్చింది.”

ఆదివారం ముందుగదిలో నాలుగు కుర్చీలు వేశారు. తండ్రి ఒకదాంట్లో, నర్సమ్మ ఒకదాంట్లో, మాస్టారు ఒకదాంట్లో. గిన్నె తిరిగిద్దామని వచ్చిన ఎదురింటావిడ నాలుగోది ఆక్రమించింది. చేతిలో గిన్నె, గిన్నెలో మడతపెట్టిన కాయితం.

తల్లి టీ ఇచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుంది. మాస్టారు లేచాడు.

“ఇలా కూర్చోండమ్మా. నేనొచ్చినప్పట్నుంచీ మీరు నిలబడే ఉన్నారు. అలిసిపోయి ఉంటారు.”

“అయ్యో, నాకెందుకు బాబూ!” అందావిడ కంగారుగా. కానీ కూర్చుంది. ఎవరో లేవమంటారన్నట్టు కుర్చీ అంచున కూర్చుంది. ఇప్పుడు గుమ్మానికి ఆనుకున్నది మాస్టారు.

తండ్రి గొంతు సవరించుకున్నాడు.

“ఉద్యోగం, చదువు అమ్మాయి చెప్పింది. నేనడిగేది ఒక్కటే. మందు అలవాటుందా?”

నర్సమ్మ టీ కప్పులోకి చూస్తోంది.

“ఉండేదండీ. మానేసి నాలుగేళ్ళ రెండు నెలలు.”

“చూశావా వదినా! నేనప్పుడే అనలా?” ఎదురింటావిడ కాయితం విప్పింది. “గుర్తులు మీ అమ్మాయివి అనుకున్నా. మనిషి మారాడంతే.”

తండ్రి ఆవిడ వైపు చూడలేదు. “రేపు మళ్ళీ సీసా పట్టవని ఏంటి నమ్మకం?”

“నమ్మకం చెప్పలేనండీ. ఇవాళ తాగలేదు. అంతవరకే చెప్పగలను.”

ఆయన చాలాసేపు కప్పు అంచు వేలితో రుద్దాడు.

“డిపోలో రోజూ పొద్దున గొట్టంలో ఊదితేనే నా చేతికి బండి తాళం ఇచ్చేవాళ్ళు,” అన్నాడు చివరికి. “ముప్పై ఏళ్ళు ఊదాను. ఇవాళ తాగావా అనే అడిగింది ఆ గొట్టం. రేపటి సంగతి ఏ రోజూ అడగలేదు.” కప్పు కింద పెట్టాడు. “రోజూ ఊదుతావా?”

“ఊదుతానండీ.”

“గొట్టం నేను పట్టుకుంటా నాన్నా,” అంది నర్సమ్మ. మూడు నెలల అలసట కళ్ళల్లోంచి కారుతుంటే తుడుచుకోలేదు.

ఎదురింటావిడకి మింగుడుపడలేదు. కాయితం మళ్ళీ మడిచి గిన్నెలో పడేసింది.

“ఎంత చోద్యం అన్నయ్యగారూ! నీడ కూడా పడనివ్వని మీరేనా? ఇంత ఊళ్ళో తాగనివాడు ఒక్కడు దొరకలేదా మీ అమ్మాయికి?”

తల్లి కుర్చీ అంచునుంచి వెనక్కి జరిగి, వీపు ఆనించి, సరిగ్గా కూర్చుంది.

“తాగనివాడితో ముప్పై రెండేళ్ళు కాపురం చేశాను వదినా. కూర్చోమని ఒక్కరోజూ అనలేదు.”