మేడమీద చదివిన గొంతు

గ్రంథాలయం మేడమీది గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక పైన ఎవరో చదువుతుంటారని, మెట్లెక్కితే ఆ గొంతు ఆగిపోతుందని చెప్పుకునేవాళ్లు. వాచ్‌మన్ అయితే ఆరు దాటాక పైకి తలెత్తి చూసేవాడే కాదు.

బట్టలు కుట్టే మా పిన్నికి ఇలాంటివంటే నవ్వు. "చదివే దెయ్యమా? మా ఆయన చేత ఒక్క పేజీ చదివించలేకపోయా!" అనేది. నెలకోసారి ఆ గదిలో కూర్చుని ఒక నవల గురించి మాట్లాడుకునే బృందంలో తనూ ఉండేది. ఆరోజు జరిగింది తనే నాకు చెప్పింది.

ఆ నెల పట్టుకున్నది హత్య నవల. పెద్దింటి ముసలాయనకి ఎవరో విషం పెట్టారు. కోడలే అంటుంది బృందంలోని నర్సు. కాదు, తమ్ముడే అంటుంది పిన్ని. ఆఖరి అధ్యాయం మాత్రం ఎవరూ ఇంట్లో చదవకూడదు, కలిసే వినాలని ఒప్పందం.

ఆ సాయంత్రం వాన. వచ్చింది ముగ్గురే... పిన్ని, నర్సు, రిటైరైన లెక్కల మాస్టారు. కాసేపు గొంతులు చించుకుని వాదించుకున్నారు. తర్వాత మాస్టారు పుస్తకం తెరిచారు.

"గ్లాసులో విషం కలిపిన చెయ్యి..." అన్నారో లేదో — కరెంటు పోయింది.

ఆ గది గురించి విన్నదంతా ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది.

అప్పుడు... వెనక బీరువాల మధ్య నుంచి ఒక ఆడగొంతు.

"...ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి తెలుసు. తెలిసే తాగాడు."

మాస్టారు ఆపిన చోటి నుంచే! మెత్తగా, తడబడకుండా చదువుకుంటూ పోతోంది. మాటల మధ్య సన్నని చప్పుడు — కాగితాన్ని ఎవరో గోటితో గీరుతున్నట్టు...

నర్సు పిన్ని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా... మనం ముగ్గురమే కదా వచ్చింది?"

పిన్నికీ భయమే. అయినా లేచింది. ఎలా లేచావే అని అడిగితే, "హంతకుడి పేరు ఇంకా చెప్పలేదురా... కూర్చోలేకపోయా" అంటుంది ఇప్పటికీ.

ఫోను లైటు వేసి, బీరువా పక్కకి తిరిగింది.

మూల బల్ల దగ్గర ఒకావిడ. నిటారుగా కూర్చుంది. వెలుగు సూటిగా కళ్లలో పడింది... రెప్ప వేయలేదు. ముందు లావుపాటి పుస్తకం. పేజీ తెల్లగా ఉంది — ఒక్క అక్షరం లేదు. దాని మీద వేళ్లు పాకుతున్నాయి. పెదాలు చదువుతూనే ఉన్నాయి.

పిన్ని చేతిలోంచి ఫోను జారిపోయింది. "ఎ... ఎవరమ్మా?"

వేళ్లు ఆగాయి.

"మీ బృందంలో కొత్తగా చేరానండీ. సంగీతం టీచర్ని. మీరంతా వాదించుకుంటున్నారని మా తమ్ముడు నన్నిక్కడ కూర్చోబెట్టి వెళ్లాడు." ఆవిడ మొహమాటంగా నవ్వింది. "ఆయన ఆగితే గొంతు అలిసిందేమోనని నేనందుకున్నా. నాది చుక్కల పుస్తకం, వేళ్లతో చదువుకుంటా. తప్పు చేశానా?"

పిన్నికి అప్పటికి ఊపిరాడింది. "తప్పేం లేదు తల్లీ. చీకట్లో గొంతు వినపడేసరికి..."

"చీకటా?" ఆవిడ తలెత్తింది. "కరెంటు పోయిందా? అయ్యో... పాపం, మీకేమీ కనబడటం లేదా!"