తలుపు అవతల మనిషి

"ఈ గది దాటి వెళ్తే మీరు పరీక్షకి ఒప్పుకోలేదని రాస్తారు. కూర్చోండి," అంది ల్యాబ్ అమ్మాయి.

క్రేన్ ఆపరేటర్ చేతిలో ప్లాస్టిక్ కప్పు ఖాళీగానే ఉంది. మత్తుమందులు వాడేవాళ్లెవరైనా పనిలో ఉన్నారేమోనని కంపెనీ అప్పుడప్పుడు చేయించే మూత్ర పరీక్ష అది. మిగతావాళ్లంతా చిటికెలో ఇచ్చేసి వెళ్లిపోయారు. తప్పు లేనివాడికి ఈ తాత్సారం దేనికని సూపర్‌వైజర్ తలుపు దగ్గరే నిలబడి గొణుగుతున్నాడు.

ఆమె ఆయన్ని బయట కూర్చోమని పంపేసింది. అతనికి గ్లాసుతో నీళ్లిచ్చి, కొంచెం కొంచెంగా తాగమంది.

"పక్కన మనుషులుంటే రాదా?" మెల్లగా అడిగింది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తకుండానే, ఎవరికీ చెప్పుకోని సంగతి చెప్పాడు. వాళ్లన్నయ్య మత్తుకి అలవాటుపడి బాత్రూంలో గడియ పెట్టుకునేవాడు. అమ్మ బయట నిలబడి తలుపు బాదేది. ఒకరోజు ఎంత బాదినా గడియ తీయలేదు. అన్నయ్య ప్రాణంతో బయటికి రాలేదు. అప్పట్నుంచి, తలుపవతల మనిషి అలికిడి వింటే చాలు, ఇతని ఒళ్లు బిగుసుకుపోతుంది.

"ఉద్యోగం పోతే పోనీండి. రెండోవాడూ అంతేనన్న మాట అమ్మ చెవిన పడకూడదు."

 ఈ ఇబ్బంది చాలామందికి ఉందని, గడువులోపు రాకపోతే డాక్టర్ చూస్తారని, ఎందుకు రాలేదో ఆయనకి చెప్పుకోవచ్చని ఆమె చెప్పింది.

"నేను వరండా చివర ఉంటా. తొందరేం లేదు."

ఆమె అడుగుల చప్పుడు దూరమైంది. చాలాసేపటికి అతను కప్పు తెచ్చి బల్లమీద పెట్టాడు. అతని ఎదుటే మూత బిగించి ఆమె సీలు వేసింది.

రిపోర్టులో ఏ దోషమూ లేదు. ఒక వానపూట అతను ల్యాబ్ మెట్ల దగ్గర నిలబడి, టీ తాగుదామా అని అడిగాడు.

"తాగితే ఇకపై మీ శాంపిల్ నేను తీసుకోకూడదు. తెలిసినవాళ్లవి తీసుకోనివ్వరు," అందామె.

"ఆ నష్టం నేను భరిస్తాను."

అలా మొదలైన పరిచయం పెళ్లి మాట దాకా వచ్చాక, అతను ఆమెని ఇంటికి తీసుకెళ్లాడు. జరిగినదంతా అమ్మకి ముందే చెప్పాడు. అమ్మ మర్యాదగానే మాట్లాడింది గానీ, చూపు మాటిమాటికీ గోడమీది అన్నయ్య ఫొటో వైపు పోతోంది. ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లు లేరు.

ఆ అమ్మాయి లేచి ఫొటో ముందు నిలబడింది.

"బావగారికీ ఈయనకీ ఒకే పోలిక," అంది.

ఆ పిలుపు వినగానే అమ్మ లేచి వెళ్లి, ఫొటో మీద దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత ఆ అమ్మాయి భుజమ్మీద చెయ్యి వేసింది.

"పోలిక సరేగానీ తల్లీ, వీడికంటే వాడే అందగాడు."