పదిహేడో నంబర్ జాగ

తెల్లారి లేవగానే పర్శరాములు చీపురు పట్టుకొని ముందు గదిలో మూల ఊడ్చాడు. ఊడ్వడానికి అక్కడేమీ లేదు. నలభై రెండేళ్లు ఆ మూలలో జంపఖానాలు నేసే మగ్గం ఉండేది. నాడె చేతబట్టి నేత మొదలుపెట్టే ముందు నిన్నటి తెగిన పోగులూ దూది పీచూ ఊడ్చేయాలని తండ్రి నేర్పిన పద్ధతి. రెండేళ్ల కింద చేతులకు వణుకు మొదలయ్యాక మగ్గం అమ్మేశారు. ఇప్పుడక్కడ కూతురు దీప కంప్యూటర్ టేబుల్ వేసుకుంది. మగ్గం పోయినా ఆయన చేతిలో చీపురు మాత్రం పోలేదు.

ఆ రోజు తల్లీకూతుళ్లు వర్ధన్నపేట ప్రయాణంలో ఉన్నారు. ఆయన భార్య అనసూర్య వాళ్లక్క మొగిలమ్మకు కంటి ఆపరేషన్ అయింది. ఒక రాత్రి ఆమెకు తోడుండి రావాలి. బ్యాగు సర్దుకుంటూనే దీప తండ్రికి అప్పగింతలు పెట్టింది.

"బాపు, నేను వచ్చేదాక దీవి ఒక్కసారి తిరిగి చూడు. ఏమన్నయితే ఫోన్ చెయ్యి. ఏదీ ముట్టకు."

"నీ గాలిల జాగలను ఎవడు ఎత్కపోతడే" అన్నాడు పర్శరాములు.

దీప చేసే పని గురించి తాముండే కాశిబుగ్గలో ఎవరైనా అడిగితే ఆయనకు నోరు రాదు. ఇంటర్నెట్‌లో ఒక లోకం ఉందట. దేశదేశాల మనుషులు అందులో బొమ్మల రూపంలో తిరుగుతారు, ఇళ్లు కట్టుకుంటారు, ఒకరింటికి ఒకరు చుట్టపుచూపుగా వెళ్తారు. అక్కడ దీప ఒక దీవి కొని, ఇరవై నాలుగు జాగలుగా విడగొట్టి కిరాయికిచ్చింది. ఒకరి చెట్టు కొమ్మ పక్కవాళ్ల గోడ దాటిందని పంచాయతీ వస్తే తీర్చాలి. ఎవరైనా ఖాళీ చేస్తే వాళ్ల సామాను తీసేసి, జాగ శుభ్రం చేసి, ఇంకొకరికి ఇవ్వాలి. హన్మకొండలో ఆఫీసు ఉద్యోగం మానేసి మరీ పట్టిన పని ఇది. ఇల్లు దానిమీదే నడుస్తోందని పర్శరాములుకు తెలుసు. తెలిసీ ఒప్పుకోవడం ఆయన వల్ల కావడం లేదు. మట్టి లేదు, సర్వే నంబర్ లేదు, కాలు పెడదామంటే నేల లేదు.

అయితే మనిషి పైకి అనేదొకటి, చేసేదొకటి. రోజూ చాయ్ తాగాక, దీప లేవకముందే ఆ కుర్చీలో కూర్చొని బాణం గుర్తుల మీటలు నొక్కుకుంటూ దీవంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు. దీప ఆయనకోసం అక్కడొక బొమ్మను కూడా చేసిపెట్టింది. తెల్ల ధోతి, తెల్లంగీ, కాళ్లకు తోలు చెప్పులు. ఊరికే పొద్దుపోక తిరుగుతున్నానని ఆయన తనకు తానే చెప్పుకునేవాడు.

ఆ చుట్టులో ఆయన కాలు ఆగేది పదిహేడో నంబర్ దగ్గర. గేటు నుంచి ఇంటివైపు తెల్లవీ నీలివీ రాళ్లు పరిచిన దారి. ఎవరు పరిచారోగాని పూర్తి చేయలేదు, ఇంటి గడప ఇంకా ఐదడుగులు ఉండగానే ఆపేశారు. పైగా నడుమ ఒకచోట నీలానికి బదులు పసుపు రాయి పడింది. సగంలో వదిలేసిన పని ఎక్కడ కనబడినా నేతగాడి కంటికి నలుసులా ఉంటుంది. చూడొద్దనుకుంటూనే ఆయన ఆ వరుసలన్నీ రోజూ చూసేవాడు. ఆరు నెలలుగా ఆ గేటు మీద కిరాయి ఆగిపోయిందని ఎర్ర జెండా ఉంది.

ఆడవాళ్లు బస్సెక్కిన మర్నాడు పొద్దున ఆయనకొక ఆలోచన వచ్చింది. ఖాళీ చేసిన జాగలను దీప ఎలా శుభ్రం చేస్తుందో వెనక నిలబడి ఎన్నోసార్లు చూశాడు. ఒక్కటే మీట. బిడ్డ వచ్చేసరికి జాగ సాఫ్‌గా ఉంటే కొత్తవాళ్లకు ఇచ్చుకుంటుంది, తనూ ఒక పనికొచ్చినట్టుంటుంది. మీట నొక్కాడు. రాళ్లు, బెంచీ, పూలకుండీలు అన్నీ ఒక్కసారే మాయమై పచ్చగడ్డి మిగిలింది. తృప్తిగా లేచి వెళ్లి స్నానం చేశాడు.

మధ్యాహ్నం దీప వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. కాసేపటికి గిరుక్కున వెనక్కి తిరిగింది.

"పదిహేడుల ఎవరు చెయ్యి పెట్టిర్రు?"

"నేనే. వాడు కిరాయి కట్టక, పని సగంల ఇడిశిపెట్టి పోయిండు. సాఫ్ చేసిన" అన్నాడు పర్శరాములు. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

దీప అరవలేదు. అరిచినా బాగుండేది. నింపాదిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ జాగ నార్వేలో ఉండే మార్తా అనే పెద్దామెది. భర్త రెండేళ్లు మంచం మీద ఉన్నాడు. ఒక్క చెయ్యే ఆడేది. ఆ చేత్తో రోజుకు ఒకటో రెండో రాళ్లు పెడుతూ, నిజమైన ఇంట్లో నడవలేని మనిషి అక్కడ తమ ఇద్దరికీ దారి వేసుకున్నాడు. దారి గడప చేరకముందే పోయాడు. తర్వాత ఆమె కిందపడి నెలల తరబడి దవాఖానాలో ఉంది. కిరాయి అక్కర్లేదు, మీరు వచ్చేదాకా ఒక్క రాయి కూడా కదలదని దీప మాటిచ్చింది. ఎల్లుండి ఆదివారం ఆయన సంవత్సరీకం. ఆమె వస్తోంది.

చేసిందేమిటో పర్శరాములుకు అర్థమైంది. కాని తప్పు ఒప్పుకునే అలవాటు లేని నోరు అడ్డంగా మాట్లాడింది.

"లేని రాళ్లకు ఇంత ఏడుపేంది? మళ్ల పెడితే అయిపాయె."

"ఏది యాడుండెనో నాకు తెల్వది బాపు. తీస్తే అన్నీ ఒక్క కుప్పయి వస్తయి. మూడు వందల రాళ్లు." దీప కళ్లు తుడుచుకుంది. "నీ మగ్గం కొన్నోళ్లు వచ్చిననాడు, సగం నేసిన పడుగును కత్తెర పెట్టి కోసిర్రు. నువ్వు రెండు దినాలు అన్నం ముట్టలే. అయి కూడ ఉట్టి పోగులే గదా. గీ పోగులకు ఇంత ఏడుపేంది అని నేను అడిగిన్నా?"

పర్శరాములు భుజాన తువ్వాల వేసుకొని బయటికి నడిచాడు.

మూలమీది హోటల్లో చాయ్ చెప్పాడు గాని తాగలేకపోయాడు. కత్తెర చప్పుడే చెవిలో వినబడుతోంది. అంత నొప్పి పడ్డవాడు ఇంకొకరి పడుగును తన చేత్తోనే కోశాడు. సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్ల ముందు రాళ్లు కనబడ్డాయి. రెండు తెల్లవి, ఒక నీలం, కొంచెం ఎడం, మళ్లీ రెండు తెల్లవి. ఆయన జన్మలో డిజైన్‌ను కాగితం మీద పెట్టుకోలేదు. ఎంత పెద్ద జంపఖానా అయినా వరుసలన్నీ తలలోనే ఉండేవి. చేతులు వణికినా అవి మాత్రం చెదరలేదు. చాయ్ అలాగే వదిలి లేచాడు.

శనివారం పొద్దున్నే కూతురి పక్కన స్టూల్ వేసుకున్నాడు.

"ఆ కుప్ప తెరువు బిడ్డా. గేటు కాడికెల్లి మొదలుపెట్టు."

దీప నమ్మలేదు. దారి మొదలైన కొత్తలో గేటు దగ్గర తీసిన ఫొటో ఒకటి ఆమె దగ్గరుంది. తండ్రి చెప్పినట్టే రాళ్లు పెట్టి, ఫొటో పక్కన పెట్టి చూసింది. తొమ్మిది వరుసలు. ఒక్కటీ తేడా లేదు. ఆమె తండ్రి ముఖంలోకి చూసి, పదో వరుసకు చెయ్యి జరిపింది. ఆ తర్వాత ఇద్దరికీ ఆకలి తెలియలేదు. అనసూర్యే పళ్లెం తెచ్చి చెరో ముద్ద నోట్లో పెట్టింది. వణికే వేలితో ఆయన తెర మీద చూపుతుంటే దీప పెడుతూ పోయింది.

"ఇగో, ఈ ఇరవై ఆరో వరుసల నీలం కాదు, పసుపు రాయి."

"అది తప్పు పడ్డది గద బాపు. మంచిగ చేద్దామా?"

"వద్దు. ఈయనకు వరుస తప్పిందని నేను దినాం నవ్వుకునేటోన్ని. తప్పును తప్పులెక్కనే పెట్టు. ఆ చెయ్యి ఆయనది."

పొద్దు వాలేసరికి దారి గడపకు ఐదడుగుల దూరంలోకి వచ్చింది. కుప్పలో ఇక రాయి మిగల్లేదు. బెంచీ, పూలకుండీలు కూడా ఆయన చెప్పినచోటే కూర్చున్నాయి. పర్శరాములు అప్పటికి గాని నీళ్లు అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం మార్తా బొమ్మ గేటు దగ్గర ప్రత్యక్షమైంది. ఆమె లోపలికి పోకముందే నిజం చెప్పమన్నాడు పర్శరాములు.

"మా బాపు తెల్వక తీసిండు, యాదిపెట్టుకొని మళ్ల పెట్టిండు, మాఫ్ చెయ్యుమని రాయి. దాసిపెట్టకు."

దీప అలాగే రాసింది. తెల్లజుట్టు ముసలమ్మ బొమ్మ వరుస వెంట వరుస నడుస్తూ పోయి, పసుపు రాయి దగ్గర ఆగిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు. అప్పుడు తెర మీద అక్షరాలు వచ్చాయి. దీప చదివి తెలుగులో చెప్పింది.

"ఆ దినం మందుల మత్తుల తప్పు పెట్టిండట బాపు. మారుద్దామంటే ఆయన వద్దన్నడట. మా ఇద్దరికి తప్ప ఈ రాయి ఎవ్వరికీ తెల్వదనుకున్న అంటాంది." దీప కింది మాట చదివింది. "మీ బాపు వచ్చి నా పక్కన జరసేపు కూసుంటడా అని అడుగుతాంది."

మార్తా బొమ్మ వెళ్లి బెంచీ మీద ఒక పక్కకు కూర్చుంది. పర్శరాములు మీట మీద వేలు పెట్టాడు. ధోతి కట్టిన బొమ్మ గేటు దాకా వచ్చి ఆగింది. వేలు వణికి ఆగిందనుకొని దీప చెయ్యి సాయం పట్టబోయింది.

"ఉండు బిడ్డా" అన్నాడాయన. "ఆ చెప్పులు ఎట్ల ఇడవాలె?"

కన్నీళ్లకు మీటలు కనబడక దీప రెండుసార్లు తప్పు మీట నొక్కింది. మూడోసారికి తోలు చెప్పులు గేటు బయట మిగిలాయి. పర్శరాములు వట్టి కాళ్లతో మొదటి వరుస మీద అడుగు పెట్టాడు.