అరువు నడక

తెరమీద బరువు గీత మళ్లీ పైకి ఎగబాకింది. సైంటిస్టు డాక్టర్ పరిమళ ముఖం చిట్లించింది.

"నూకరత్నంగారూ, నిజం చెప్పండి. నూనె వంటలు తింటున్నారా?"

"లేదమ్మా. ఉడకబెట్టిన కూరలూ, చోడి అంబలీ. ఇంకేటీ ముట్టలేదు," అంది నూకరత్నం, నడుముకున్న బెల్టు సర్దుకుంటూ.

పక్కన కూర్చున్న భర్త వరహాలరావు చూపు కిటికీవైపు తిప్పేశాడు.

రొమ్ము కేన్సర్ చికిత్స అయ్యాక ఆవిడ రోజూ నడవాలనీ, బరువు అదుపులో ఉంచుకోవాలనీ డాక్టర్లు చెప్పారు. కీమో పిండేసిన ఒంటితో వీధి చివరిదాకా వెళ్లడమే గగనమయ్యేది. అలాంటివాళ్ల కోసమే పరిమళ ఈ జంట బెల్టులు తయారుచేసింది. ఒకరు బెల్టు కట్టుకుని నడిస్తే, వాళ్ల రక్తంలో వచ్చే మార్పుల్ని సెన్సర్లు చదువుతాయి. రెండో బెల్టు అవే మార్పుల్ని ఇంట్లో కూర్చున్న మనిషి ఒంట్లో కలిగిస్తుంది. నడక ఒకరిది, ఫలం ఇంకొకరిది. షరతు ఒక్కటే: బెల్టు ఉన్నంతసేపూ నడిచేవాళ్లు ఏమీ తినకూడదు.

భార్య తరఫున నడవడానికి ఒప్పుకున్న వరహాలరావు అప్పుడు బుద్ధిగా తల ఊపాడు. కానీ విశాఖ బీచ్ రోడ్డులో సాయంత్రం గాలికి మిరపకాయ బజ్జీల వాసన తగిలితే తల ఊపిన సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఇంత నడిచాను, నాలుగు తింటే ఏమవుతుందిలే అనుకున్నాడు. ఇంట్లో ఆవిడ చప్పిడి తిండి తింటోందని మనసు పీకకపోలేదు. రెండో ప్లేటుతో అదీ సద్దుమణిగేది.

"బరువు పెరిగారు. ఇలాగైతే ప్రమాదమండీ," అంది పరిమళ.

రత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పు నాదేనమ్మా. పక్కింట్లో వ్రతం చేసుకుంటే ఒక్క చెంచాడు ప్రసాదం తిన్నాను. నెయ్యి కదా."

ఇక వరహాలరావు వల్ల కాలేదు.

"నేనేనమ్మా. బజ్జీలు తిన్నాను. రోజూ. బెల్టు విప్పకుండానే," అన్నాడు నేల చూస్తూ.

రత్నం ఆయనవైపు తిరిగింది.

"అయితే... సాయంత్రాలు నా కడుపులో మంట ఆ బజ్జీలదా అండీ?"

అవునన్నట్టు తల ఊపాడాయన.

"అమ్మయ్య! జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. చెప్తే మీరు బెంగపెట్టుకుంటారని ఊరుకున్నాను," అని కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

తర్వాత బెల్టు విప్పి బల్లమీద పెట్టింది. "నా నడక నేనే నడుస్తానమ్మా. ఎంత దూరమైతే అంత."

ఒక్కమాట తిట్టినా బాగుండుననిపించింది వరహాలరావుకి.