కాటా ఎక్కిన గుడ్డు

గరివిడికి నాలుగు మైళ్ల ఇవతల, రోడ్డు పల్లంలోకి దిగి మళ్లీ మిట్టకెక్కే చోట, లారీలను తూచే పాత కాటా ఒకటి ఉన్నది. మూతపడి పుష్కరం దాటింది. లారీ ఎక్కి నిలిచే ఇనుప పలక పల్లంలో రోడ్డు వారనే ఉన్నది. గదికి తలుపులు లేవు. కిటికీలో మాత్రం గడియారం వంటి పెద్ద డయలు, దానిలో ఒక ముల్లు... కరెంటుతో పనిలేని కాలపు యంత్రం.

ఆ చోటుకు మంచి పేరు లేదు. అక్కడి గుమాస్తా ఒకాయన రిజిస్టరు మీద తల ఆనించి, ఆనించినట్టే కన్నుమూశాడట. నాటి నుంచి, చీకటిపడ్డాక ఏ బండి వెళ్లినా ఒక గొంతు మెల్లగా అడుగుతుందట -

"ఏటి లోడు?"

జవాబు చెప్పకూడదు. చెప్పినవాడి బండిలో ఆయన ఎక్కి కూర్చుంటాడు. ఇది లారీ డ్రైవర్ల మాట.

నా మిత్రుడు జగన్నాధం గారికి అక్కడ జరిగినది ఆయన చెప్పగా విన్నాను. విన్నది విన్నట్టు మనవి చేస్తున్నాను.

జగన్నాధం గారు యంత్రాల మరమ్మతు ఇంజనీరుగా పదవీ విరమణ చేసినవారు. తీరంలో ఫైబరు పడవలు పోసే ఎల్లాజీ చేత, రెండు పడవలను బోర్లించి అతికినట్టు, చక్రాల మీద చిన్న ఇల్లొకటి చేయించుకున్నారు. జీపు వెనుక తగిలించి లాక్కుపోవచ్చు. లోపల మంచం, పొయ్యి, ఇద్దరు ముడుచుకుని కూర్చునే బల్ల. తెల్లగా, గుండ్రంగా ఉండటం చేత ఊరంతా దానిని "గుడ్డు" అన్నది.

రెండేళ్లు ఆయనకు అదే లోకం. నెలకొకసారి చక్రాలు విప్పి గ్రీజు పెట్టడం, కిటికీల రబ్బరు చీలిందేమోనని వేలితో తడిమి చూడటం, ఎండకు రంగు వెలిసిపోకుండా మైనం రుద్దడం. ఈ వైభవమంతా ఆయన శ్రీమతి యమునమ్మ అరుగు మీది నుంచి చూస్తూ ఉండేది. ఆవిడ ఆయనకు మేనమామ కూతురు. మాటకు మొహమాటం లేదు.

"బావా, పందెం. ఒక్క పెయానం సూస్తాను. ఏటైనా తేడా వొచ్చిందా... ఆ గుడ్డు నా కోళ్లకి గూడైపోద్ది. గుడ్డులో కోళ్లు. ఊరు సూడ్డానికొస్తాది."

కనుక శ్రీకూర్మం సముద్రతీరానికి ఆ తొలి ప్రయాణం జగన్నాధం గారికి పరీక్ష వంటిది. బయలుదేరే ముందు బండిని ధాన్యం మిల్లు కాటా మీద తూచారు. సామానుతో సహా ఆరువందల ముప్పై కిలోలు. నాలుగు రోజులు గడిచాయి. ఏ తేడా రాలేదు.

తిరుగు ప్రయాణం నాటి సాయంత్రం ఆయన బండిని జీపుకు తగిలించి, తన పదకొండు అంశాల జాబితా ప్రకారం అన్నీ సరిచూసుకుని, ఒక కప్పు టీ తాగటానికి పక్కకు వెళ్లారు. సాగనంపటానికి వచ్చిన ఎల్లాజీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క కప్పు టీ... సరే, ఆ మాట దాని చోట చెబుతాను.

అరసవల్లిలో ఆగినప్పుడు బాగా చీకటిపడింది. యమునమ్మ జీపు వెనుక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నది. ఆయన టైర్లు చూసివచ్చి, దుప్పటిని చూసి, పాపం నిద్రపోతోందనుకుని, చప్పుడు కాకుండా బండి కదిలించారు.

పాత కాటా వచ్చింది.

పల్లం దిగారు. గాలి లేదు. దీపం లేదు. ఇంజనీరు కనుక ఆయనకు భయం లేదు - అద్దాలు మాత్రం ఎక్కించుకున్నారు. మిట్ట ఎక్కసాగారు...

ఠక్!

జీపు ఒక్కసారిగా ముందుకు దూకింది. తాడు తెగిన గాలిపటమంత తేలికగా.

అందరి బండీ బరువెక్కే చోట తన బండి తేలికైంది! ఆయన అద్దంలోకి చూశారు. వెనుక తెల్లగా కనబడవలసిన గుడ్డు లేదు. చీకటి ఉన్నది.

"యమునా..." అన్నారు మెల్లగా. "భయపడకు... బండి లేదు."

దుప్పటి కదలలేదు.

చేయి చాచి దుప్పటి లాగారు. దాని కింద రెండు తలగడలు ఉన్నాయి.

ఆ క్షణంలో గుడ్డు, కోళ్లు, పందెం, ఏవీ ఆయనకు గుర్తు లేవు. టార్చి పట్టుకుని, అరవై ఆరేళ్ల మనిషి, పల్లంలోకి పరుగెత్తారు.

కాటా పలక నడిమధ్యన, ముక్కు ఆకాశానికెత్తి, తోక ఆనించి, గుడ్డు కూర్చుని ఉన్నది. ఎవరో పిలిచి తూకానికి నిలబెట్టినట్టు. గుడ్డు కిటికీలో మసక వెలుతురు. ఆ వెలుతురులో... జుట్టు విరబోసుకున్న ఒక తల.

జగన్నాధం గారు ఇంగ్లీషు చదువు చదివినవారు. నలభై ఏళ్లుగా "ఏమిటి" అన్నారే గాని "ఏటి" అనలేదు. కాని ప్రాణం గొంతులోకి వచ్చినప్పుడు బాల్యపు మాటే వస్తుంది. "ఏటి లోపల?" అని అడగబోయారు. పరుగెత్తిన ఆయాసానికి సగమే వచ్చింది -

"ఏటి... లో..."

లోపలి నుంచి పెద్ద కేక.

"ఏ లోడూ లేదు బాబో! నేనొక్కదాన్నే! పీనుగెల్లినోడా, నన్నొగ్గీ!"

ఆ తిట్టు ఆయనకు నలభై ఏళ్ల పరిచయం. "యమునా, నేనే!" అని చంటిపిల్లవాడిలా ఏడ్చేశారట.

జరిగినది తేలటానికి ఎంతోసేపు పట్టలేదు. మోకాళ్లు సలుపుతున్నాయని ఆవిడ, ఆయన టైర్లు చూస్తుండగానే, దుప్పటిని తలగడల మీద వదిలేసి, అరసవల్లిలోనే బండి వెనుక మంచం మీదికి చేరింది. తలుపు మీద ఆయన స్వహస్తాలతో అంటించిన "నడిచేటప్పుడు లోపల మనుషులు ఉండరాదు" అన్న కాగితం అక్కడే ఉన్నది.

"మనుసులన్నావు గానీ పెళ్లామన్నావేటి?"

వెనుక బరువు పడితే ముక్కు పైకి లేస్తుంది. అయినా కొక్కెం పట్టి ఉండాలి. ఆయన టార్చి వేసి చూశారు. జీపు వెనుక ఉండే ఇనుప గుండును కరచి పట్టే కొక్కెంలో, నలిగి తొక్కయిపోయిన ఒక నిమ్మకాయ! అది అడ్డుపడి కొక్కెం పూర్తిగా మూసుకోలేదు. పోనీ, కొక్కెం ఊడినా ఆపే గొలుసో? అది చక్కగా చుట్టి పైన తగిలించి ఉన్నది.

అక్కడే ఎల్లాజీకి ఫోను చేశారు.

"పడవకైతే ముక్కుకి నిమ్మకాయ కడతామండి. మరి దీని ముక్కదే కదండి? మీరు టీకెల్లినప్పుడు, జారిపోకుండా నోరు తెరిసి లోపలెట్టినాను. దార్లో ఆ కాటా దెయ్యముంది గదండీ!"

"గొలుసు ఎందుకు తీశావయ్యా?"

"అయ్యో, లంగరెత్తకుండా పడవ కదుల్తాదేటండి!"

దెయ్యం పట్టకుండా పెట్టిన నిమ్మకాయే తీసుకువెళ్లి దెయ్యం గుమ్మంలో దింపింది. జగన్నాధం గారికి నవ్వు రాబోయింది. అప్పుడు టార్చి వెలుగు కాటా గది కిటికీలోని డయలు మీద పడింది.

ముల్లు కదిలి ఉన్నది.

యమునమ్మ ఇంకా బండిలోనే ఉన్నది. ఆయన అంకె చూశారు. ఆరువందల ముప్పై తీసివేశారు. ఆ మిగులు ఎంతో నాకు చెప్పలేదు; నేను అడగనూ లేదు.

"ఏటి లెక్కేస్తన్నావు?" అన్నది ఆవిడ, గుడ్డు కిటికీలోంచి తల బయటపెట్టి.

"ఏమీ లేదు."

"నాది యాభై ఎనిమిది. పెళ్లైన కాడ్నుంచీ యాభై ఎనిమిదే. ఆ మిగిలింది నాది కాదు. గుమాస్తాది."

"దెయ్యాలు లేవని నువ్వే కదా అంటావు?"

"ఇప్పుడున్నాయి."

వివేకి కనుక జగన్నాధం గారు వాదించలేదు. ఆవిడను జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి, బండిని మళ్లీ తగిలించి, గొలుసు వేసి, పలక మీది నుంచి లాగారు. ఇంజను ఆపకుండా దిగి, టార్చి వేసి డయలు చూశారు. ఆవిడా తల బయటపెట్టి చూసింది.

పలక మీద ఏమీ లేదు. ముల్లు సున్నాకు రాలేదు.

నలభై కిలోల దగ్గర ఆగి ఉన్నది.

తుప్పు. తుప్పుపట్టిన యంత్రం సున్నాకు రాకపోవటం కద్దు. ఆ మాట ఆయన కంటే తెలిసినవారు లేరు. "తుప్పు" అని పైకే అన్నారు కూడా...

వారిద్దరూ చూస్తూ ఉండగా ముల్లు వణికింది. నెమ్మదిగా - ఎవరో పలక మీది నుంచి కాలు తీసినట్టు - సున్నాకు వచ్చింది.

వెనుక, గుడ్డు స్ప్రింగు కిర్రుమన్నది. బండి ఒక వేలెడు కిందికి దిగింది.

రాత్రికి రాత్రే ఇల్లు చేరారు. తెల్లవారి జగన్నాధం గారు తల వంచుకుని, తానే కోళ్లగంప తెచ్చి గుడ్డు పక్కన పెట్టారట. పందెం పందెమే కదా.

యమునమ్మ ఆ గంపను కాలితో పక్కకు నెట్టింది.

"కోళ్లొద్దు, ఏటొద్దు. మైనం రుద్దుకో, గ్రీజెట్టుకో, బంగారంలా సూసుకో. నాది యాభై ఎనిమిదేనని సెప్పడానికి సాచ్చి అందులో ఉన్నాడు."