బయటివాళ్ల అరగంట

చంద్రుడి మీద పుట్టిన పిల్లలకు మాటలతోపాటే రెండు సంగతులు తెలిసిపోతాయి. గాలిని వృథా చేయకూడదు. ఇంటర్నెట్ పీఠం వాళ్లది.

పరిశోధనాపీఠం కొండ మీద ఉంది. భూమిని అందుకునే ఒకే ఒక్క లేజర్ లింకు, 'కాంతిధార', దాని సొంతం. కింద లోయలో ఉన్న ఆసుపత్రి, బడి, ఊరికి గాలి సరఫరా చేసే గాలి సంఘం ఆ కనెక్షన్‌నే పంచుకుని నెట్టుకొచ్చేవి. ఆ పంపకం కోసం డాక్టర్ శరభయ్య ఒక మేధోయంత్రాన్ని కనిపెట్టాడు. ఎవరి అవసరం ఎంత బరువో తూచి, ఆ మేరకు దారి వదులుతుంది. పేరు ధర్మకాటా.

అది పని మొదలుపెట్టగానే తేలిందేమంటే, కాంతిధార అందరికీ సరిపోగా ఇంకా బోలెడు మిగులుతోంది! పీఠం వాళ్లకు అదే మింగుడుపడలేదు.

“బడిపిల్లలకూ మనకూ ఒకటే స్పీడా? ఇక పీఠంలో ఉండి ఏం లాభం సార్?” అని క్యాంటీన్‌లో శరభయ్యను నిలదీశారు.

ఆయనకూ అది సబబుగానే తోచింది. బయటి సంస్థల నుంచి వచ్చే ప్రతి కబురునూ గుమ్మం దగ్గర అరగంట నిలబెట్టమన్నాడు. దానికి 'మర్యాదవిరామం' అని ముచ్చటగా పేరు కూడా పెట్టాడు.

“దీనివల్ల ఎవరికీ ఏమీ కలిసిరాదు,” అంది ధర్మకాటా.

“తృప్తి కలిసొస్తుంది. అది నీకు తూచడం రాదులే,” అని నవ్వాడు శరభయ్య.

ఆసుపత్రి డాక్టర్ మేరీ సుగుణ కొండెక్కి వచ్చి బతిమాలింది. “సార్, భూమి మీది సర్జన్లు మా రోబో చేతుల్ని నడిపిస్తే బతికేవాళ్లు మా కళ్లముందే పోతున్నారు. ఆ అరగంట తీసేయండి.”

“మీకొక్కరికీ సడలిస్తే రేపు బడివాళ్లు వస్తారమ్మా,” అని టీ ఇప్పించి పంపాడు.

శరభయ్య కూతురు ఇందుజ లోయలోని బడిలోనే చదివేది. ఒకరోజు ఆటలో పైనుంచి పడింది. శరభయ్య వాహనంలో పరుగున ఆసుపత్రికి దిగేసరికి పాప తలలో రక్తం గడ్డకడుతోంది.

“ఇప్పుడే భూమికి లైన్ కావాలి సార్,” అంది మేరీ సుగుణ.

“అదెంత పని!” అంటూ ఆయన అక్కడి తెర ముందు నిలబడి అరిచాడు. “ధర్మకాటా! విరామం రద్దు చెయ్!”

“నమస్కారం. మీ కబురు బయటి సంస్థ నుంచి వచ్చింది. అరగంటలో లోపలికి పంపుతాం.”

“నేను శరభయ్యనే!”

“మీరెవరో లోపలికి వచ్చాక చూస్తాం.”

పీఠం డైరెక్టర్‌కు ఫోన్ చేశాడు. ఆ ఫోనూ అదే గుమ్మం దగ్గర ఆగింది. తిరిగి కొండెక్కాలంటే గంట పడుతుంది. పైన పీఠంలో ఎవరో సినిమాలు చూసుకుంటున్నారు, మిగతా లైనంతా ఊరికే పడుంది.

“నాన్నా, లైన్ వచ్చిందా?” అంది ఇందుజ.

“వస్తోంది తల్లీ.”

అరగంటకు తెర వెలిగింది. “మీ ఆదేశం అమలైంది. ఇకపై అందరికీ సమానం.” అప్పటికే పాప చెయ్యి చల్లబడిపోయింది.

కొన్నాళ్లకు గాలి సంఘం మేస్త్రీ కొడుక్కీ తలకు అలాంటి దెబ్బే తగిలింది. ఈసారి భూమి మీది సర్జన్లు వెంటనే లైన్‌లోకి వచ్చి బతికించారు. మేస్త్రీ పిల్లాణ్ణి చంకనెత్తుకుని వచ్చి శరభయ్య కాళ్లు పట్టుకున్నాడు.

“మీ పాప పోతూ పోతూ మావాడికి ప్రాణం పోసింది బాబూ.”

పిల్లాడు బిస్కెట్ కొరుకుతూ ఆయన వంక చూసి నవ్వాడు. శరభయ్య వాడి తల నిమిరాడు. ఆయన కడుపు భగ్గున మండింది. వాళ్లటు వెళ్లగానే తలుపు వేసుకున్నాడు.

“ధర్మకాటా, విరామం మళ్లీ పెట్టు.”

“ఎంత?”

“అరగంట. నా కూతురికి ఎంతో అందరికీ అంతే. సమానంగా ఉండాలి కదా.”

“అమలైంది,” అంది ధర్మకాటా.

చాలా రోజుల తర్వాత ఆ పూట శరభయ్య కడుపునిండా అన్నం తిన్నాడు.