పాటకు తోక

మంత్రాలయంలో పట్టపగలు, తుంగభద్ర ఒడ్డున బొరుగులు అమ్ముకుంటూ కూర్చున్న కాశన్న, కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. మెడ వెనక చీమ కుట్టినంత గుర్తు తప్ప ఒంటి మీద గీత లేదు. స్నానాలకు దిగేవాళ్ళు ముసలాయన కునుకు తీస్తున్నాడనుకున్నారు. ఒకావిడ, ఎంతకీ లేవడం లేదని తనే పొట్లం కట్టుకుని, చిల్లర గంపలో వేసి మరీ వెళ్ళింది. ఏళ్ళ తరబడి దేశానికి గూఢచారిగా పనిచేసిన మనిషి చావుకు అంతకు మించి గొడవ జరగలేదు.

మర్నాడు పొద్దున కర్నూల్లో బ్రీఫింగ్. విభాగం ఆఫీసు ఒక మంచినీళ్ళ ప్లాంటు వెనక ఉంటుంది. ఆ ఊళ్ళో నీళ్ళ క్యాన్ల ఆటో ఏ సందులోకి ఏ వేళకు పోయినా ఎవరూ తలెత్తి చూడరు. అంతకన్నా మంచి మారువేషం ఏముంటుంది? ఏజెంట్ క్రిస్టినా క్యాన్ల మధ్య నుంచి దారి చేసుకుని లోపలికి వచ్చేసరికి, చీఫ్ గాబ్రియేలు కాశన్న ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ముఠా పేరు ఆర్కేడ్" అన్నాడు. "విదేశీ ముఠా. టార్గెట్, ఓర్వకల్లు అవతల పరీక్షకు ఎగిరే మన డ్రోన్ల రహస్యాలు. ఆర్డర్లు పంపేది పాటల్లో."

"పాటల్లోనా సార్?"

"పాతకాలం వీడియో గేముల్లో టింగుటింగుమని వచ్చేది చూడు, ఆ బాణీలో. సింథ్ అని ఎలక్ట్రానిక్ కీబోర్డు, దాని మీద కట్టి నెట్‌లో పెడతారు. లక్షల మంది వింటారు, ఆ లక్షల్లో ముఠా వాళ్ళూ వింటారు. కాశన్న పోయే ముందు ఒక పాట వచ్చింది."

ఆ పాటను ల్యాబు వాళ్ళు జల్లెడ పట్టారట. పొట్టు తప్ప ఏమీ దొరకలేదట. పాటలు కట్టే అమ్మాయి శశికళ, ఊరు పత్తికొండ. బెంగుళూరు క్లబ్బుల్లో పెద్ద పేరు. ముఠా తన పాటలను దేనికి వాడుకుంటోందో తెలిసిన రోజున భయపడి, రహస్యంగా కాశన్నను కలిసింది. అప్పటి నుంచి డబుల్ ఏజెంట్. ముఠా నాయకుడి మొహం చూసిన మనిషి ఆమె ఒక్కతే. రేపు సాయంత్రం గండికోట సంగీతోత్సవంలో ఆమె ప్రోగ్రాం ఉంది, దానికి ఆ నాయకుడు వస్తాడు. స్టేజీ దిగాక ఆమె అతన్ని మనకు చూపించాలి. అప్పటిదాకా ఆమె ప్రాణం క్రిస్టినా బాధ్యత.

గాబ్రియేలు సొరుగు తీసి ఒక పసుపుపచ్చ వీడియో గేమ్ క్యాసెట్టు బల్ల మీద పెట్టాడు. చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడేవాళ్ళమే, సరిగ్గా అలాంటిది. లోపల ట్రేసింగ్ గాడ్జెట్ ఉందన్నాడు. శశికళ వాయించే మిషన్లో దీన్ని పెట్టిస్తే ముఠా రిసీవర్లు ఎక్కడున్నాయో బయటపడుతుందన్నాడు. క్రిస్టినా తీసుకుని, మారువేషానికి సిద్ధం చేసుకున్న చీరల మూటలో దోపుకుంది.

మిగతా ఏజెంట్లయితే పది ప్రశ్నలు వేసేవాళ్ళు. క్రిస్టినా అడగదు. ఆమెది కోడుమూరు పక్క పల్లె. తండ్రి లేని పిల్లను చేరదీసి, చర్చి కీబోర్డు మీద వేళ్ళు పెట్టించి, చదివించి, విభాగంలో చేర్చింది ఈ గాబ్రియేలే. ఊళ్ళో మామ, ఆఫీసులో సార్. ఆయన మాట ఆమెకు బైబిలు వాక్యం.

*

గండికోటలో చేనేత స్టాళ్ళ వరసలో కోడుమూరు చీరలమ్మిగా క్రిస్టినా మూట విప్పింది. పొద్దు వాలుతోంది. లోయ అంచుకు కాస్త ఇవతల స్టేజీ కట్టారు, కింద ఎక్కడో పెన్న సన్నగా పారుతోంది. కడప, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల నుంచి వచ్చిన కుర్రకారు అప్పుడే ఈలలు మొదలుపెట్టారు. వెండి రంగు కోటు, నల్ల కళ్ళజోడు, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకున్న ఒక అమ్మాయి స్టాలు ముందు ఆగి, చీర అంచు పట్టుకుని చూసింది. సినిమా తార దిగివచ్చిందని పక్క స్టాలువాళ్ళు లేచి నిలబడ్డారు.

క్రిస్టినా కోడ్‌వర్డ్ వేసింది. "టమోటా రేటు ఎట్లుండాది మ్మే?"

"రోడ్డు మీద పారబోసేటట్టుండాది" అంది తార, అచ్చం పత్తికొండ మార్కెట్ గొంతుతో.

చీరలు చూపించే వంకతో ఇద్దరూ స్టేజీ వెనక గదిలోకి వెళ్ళారు. కాశన్న పోయాడని చెప్పగానే శశికళ కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి, కళ్ళకు పెట్టుకున్న రంగంతా చెరిగిపోయేలా ఏడ్చింది. కాశన్న తనను "బిడ్డా" అని పిలిచేవాడని చెప్పింది. తరువాత క్యాసెట్టు తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నప్పుడు తన మేనమామకు పత్తికొండలో వీడియో గేముల కొట్టు ఉండేదని మొదలుపెట్టింది. అందరూ గెలవాలని ఆడేవాళ్ళట. తను మాత్రం హీరోను ఉన్నచోటే నిలబెట్టి, చచ్చేదాకా పాట వింటూ కూర్చునేదట. మూడు నాలుగు స్వరాలు మాత్రమే పలికే ఆ చౌక మిషను నోటితో ఎంత సంబరం చేయించారో చూడమని, అదే తనను సింథ్ దగ్గరికి లాక్కుపోయిందని చెప్పింది.

"అక్కా, ఒకటి చెప్పాల. గేమ్ పాటకు చివర ఉండదు" అంది. "ఆడేవాడు ఎంతసేపు ఆడతాడో పాట కట్టినోళ్ళకు తెల్దు గదా. అందుకని తిరిగి తిరిగి మొదటికే వస్తాది. నా పాటలన్నీ అట్లనే కట్టినా. కానీ నెట్‌లోకి వచ్చేటప్పటికి దాని వెనక ఎవరో ఒక తోక తగిలిస్తాండారు. మిగతాదంతా మిషను లెక్క. తోక మాత్రం మనిషి చేత్తో వాయించినాడు, వేళ్ళు తెలుస్తాయి."

ఎందుకు చేత్తో అని క్రిస్టినా అడిగింది. మిషను వాయించింది ఎవరైనా దొంగ నకలు తీయవచ్చు, మనిషి చేతి నడకను తీయలేరు, అందుకే ముఠా ఆ చేతినే నమ్ముతుందేమో, అసలు ఆర్డరు అదేనేమో అని శశికళ అనుమానం. అంతలో బయట పేరు పిలిచారు. ఆమె మొహం తుడుచుకుని, ఫోనూ ఇయర్‌ఫోన్సూ క్రిస్టినా చేతిలో పెట్టి, కాశన్న చావుకు ముందు వచ్చిన పాట అదేనని, చివరిదాకా వినమని చెప్పి, క్యాసెట్టుతో స్టేజీ ఎక్కింది.

క్రిస్టినా వినసాగింది. పాట హుషారుగా గెంతుతూ వచ్చి ఒక చుట్టు తిరిగింది. ల్యాబు వాళ్ళు ఇక్కడికే కోసేశారు. ఒక చుట్టు చాలు, మళ్ళీ అదే వస్తుంది అని వాళ్ళకు చెప్పింది గాబ్రియేలు సారే. రెండో చుట్టూ మూడో చుట్టూ అయ్యాయి. అప్పుడొచ్చింది తోక. చర్చి పాట చివర వాయించే రెండే రెండు స్వరాలు. ఆ... మేన్.

గేమ్ పాటకు ఆమేన్ ఏమిటి? చర్చిలో పెరిగిన చెయ్యి. పాట ముగించాలంటే ఆ చేతికి ఇంకో దారి తెలియదు. అంతవరకూ అయితే ఈ సీమలో వెయ్యిమంది ఉంటారు. కానీ ఆ మొదటి స్వరం ఎంతసేపు ఆగింది! మేన్ రాదేం రాదేం అనిపించేంతసేపు. తమ పల్లె చర్చిలో గిడ్డమ్మ అనే ముసలమ్మ ఉండేది. మోకాళ్ళు పట్టేసిన మనిషి. పాట అయ్యాక అందరూ టకామని కూర్చునేవాళ్ళు, ఆమె చాప మీద చెయ్యి ఆనించి మెల్లగా దిగాలి. ఆమె పూర్తిగా కూర్చునేదాకా "ఆ" అనే స్వరం మీంచి వేళ్ళు తీయని వాయిద్యకారుడు ప్రపంచం మొత్తం మీద ఒక్కడే. ఆ బెంచీ మీద ఆయన పక్కనే కూర్చుని, ఎందుకు మామా ఇంతసేపు అని చిన్నప్పుడు తను అడిగింది. అవ్వ కూర్చోవద్దా పాపా అన్నాడు.

అంత దయగల చెయ్యి కాశన్న చావును వాయించింది.

కాదు, కాదనుకుంది. కాశన్న ఫోటో ముందు మామ ఎర్రబడ్డ కళ్ళు గుర్తొచ్చాయి. ఇంకెవరో అయ్యుంటారని తనకు తనే చెప్పుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేక కాదు, పట్టబుద్ధి కాక అని ఆ క్షణంలో ఆమెకు అర్థమైంది.

రెండో చెవిలో విభాగం ఇయర్‌పీస్ గరగరలాడింది. "క్యాసెట్టు పెట్టిందా?"

"పెట్టింది సార్."

"మంచిది. ఇంక నువ్వు ఆడ ఉండొద్దు. పాట ఒక చుట్టు తిరిగేలోపల స్టేజీకి దూరంగా వచ్చేయ్ పాపా. కోట ధాన్యాగారం పక్కన ఉండా."

శశికళ మీట నొక్కింది. టింగుటింగుమంటూ పాట మొదలైంది, కుర్రకారు కేరింతలు కొట్టారు.

"ఏంటికి సార్?" అంది క్రిస్టినా.

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ను ఆ మాట అడగడం అదే మొదలు. అవతల టక్కున లైను కట్టయింది. గాడ్జెట్టూ లేదు, ట్రేసింగూ లేదు. శశికళ చావును చీరల మూటలో పెట్టి తన చేతులతోనే మోయించాడు.

ఆమె పరుగెత్తింది. సౌండు బాక్సుల మీద కాలు పెట్టి స్టేజీ ఎక్కింది. చీరలమ్మి స్టేజీ ఎక్కడం చూసి జనం గొల్లున నవ్వారు. పాట పైస్థాయికి వెళ్ళి, మొదటికి దిగడానికి మలుపు తీసుకుంటోంది. శశికళ వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం ఏమైందని అడిగాయి. క్రిస్టినా క్యాసెట్టును మిషన్లోంచి పీకి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లోయలోకి విసిరింది. పాట ఠక్కున ఆగింది. క్యాసెట్టు అంచు దాటిందో లేదో, పెన్న మీద గాలిలో పెద్ద చప్పుడుతో పేలింది. ఎర్రరాతి గోడలు ఆ చప్పుడును అటూ ఇటూ విసురుకున్నాయి.

తరువాత జనం లేచి చప్పట్లు, ఈలలు, వన్స్‌మోర్! ఇంత ఖర్చు పెట్టి బాణసంచా ఏర్పాటు చేశారని నిర్వాహకులను తెగ మెచ్చుకున్నారు.

చివరి వరసలో టోపీ పెట్టుకున్న ఒక విదేశీయుడు మాత్రం చప్పట్లు కొట్టకుండా గేటు వైపు నడిచాడు. కోటల మీద డాక్యుమెంటరీ తీస్తున్నానని చెప్పుకుని తిరుగుతున్న మనిషి. శశికళ మైకు అందుకుంది.

"అప్పా, ఆ టోపీ ఆయప్పను పట్టుకోండి. టికెట్ లేకుండా వచ్చినాడు."

బాంబు అంటే పారిపోయేవాళ్ళేమో గానీ, టికెట్ ఎగ్గొట్టాడంటే కడప కుర్రాళ్ళు ఊరుకుంటారా? గేటు దాటనివ్వలేదు. అలా ఆర్కేడ్ నాయకుడు దొరికాడు.

*

గాబ్రియేలు పారిపోలేదు. ధాన్యాగారం మెట్టు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. క్రిస్టినా చేతిలో పిస్టల్ చూసి, పక్కకు జరిగి కూర్చోమన్నట్టు చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

ఎలా కనుక్కున్నావని ఆయనే అడిగాడు. గిడ్డమ్మవ్వ కోసం ఆగే అలవాటు మీకు పోలేదని ఆమె చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. ఆ ముసలమ్మ పోయి ఎన్నాళ్ళయిందో అని గొణిగాడు.

"ఎప్పటినుంచి?" అంది.

"నువ్వు పదో తరగతి చదవకముందు నుంచి."

"అయితే నన్ను చదివించింది, ఈ పనిలో పెట్టింది..."

"నాకు ఒక మనిషి కావాల్సి ఉండె పాపా. నేను చెప్తే ఏంటికని అడగని మనిషి."

క్రిస్టినాకు ఏడుపు ముంచుకొచ్చింది. అబద్ధమైనా చెప్పకూడదా ఈయన అనుకుంది. కళ్ళు తుడుచుకుంటే పిస్టల్ కదులుతుందని కన్నీళ్ళను అలాగే కారనిచ్చింది. చివరికి మిగిలిన ఆశనంతా కూడగట్టుకుని ఒక్క మాట అడిగింది.

"మరి నన్ను దూరంగా రమ్మన్నారే. అది దేనికి మామా?"

గాబ్రియేలు తుడిచిన కళ్ళద్దాలనే మళ్ళీ తుడిచాడు. "నువ్వు పోతే ఇంకొకర్ని తయారు చేసుకోవాల. నాకు వయసైపోయింది" అన్నాడు.

ఆ మాట నిజమో, తన మీద ఆశ వదులుకోమని ఆయన చేసిన ఆఖరి మేలో, ఆమె తేల్చుకోదలచుకోలేదు. సంకెళ్ళు వేసి, విభాగం తెచ్చి నిలిపిన నీళ్ళ క్యాన్ల ఆటోలో ఎక్కించింది.

హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే డ్యూటీ ఆఫీసరు అభినందనలు చెప్పి, అరెస్టు రిపోర్టు మీద ఏజెంట్ సంతకంతో పాటు ఆమె పై అధికారి సంతకం కూడా ఉండాలని, అది లేకపోతే కడపలో నిందితుడిని లోపల పెట్టుకోరని, రూలు రూలేనని చెప్పాడు. ఆమె పై అధికారి ఆటోలో రెండు క్యాన్ల మధ్య కూర్చుని ఉన్నాడు.

క్రిస్టినా రిపోర్టు రాసి, అట్ట మీద పెట్టి, పెన్నుతో సహా ఆయన ముందుకు చాపింది.

"సంతకం పెట్టండి సార్."

"ఏంటికి?"

"నేను చెప్తాండా కదా. అడగొద్దు."

గాబ్రియేలు ఆమె మొహం వైపు చూశాడు. రెండుసార్లు చదవనిదే క్యాన్ల బిల్లు మీద కూడా సంతకం పెట్టడని ప్లాంటులో ఆయనకు పేరు. ఈ కాగితాన్ని మాత్రం ఒక్క అక్షరమైనా చదవకుండా, సంకెళ్ళు గలగలలాడుతుండగా నీటుగా సంతకం చేసి, అలవాటు చొప్పున కింద తేదీ కూడా వేసి ఇచ్చాడు.